వేడినీళ్లలో విచ్చుకున్న తెల్ల చామంతి

వైశాఖంలో ఒక గురువారం, పగలు పదకొండు గంటలకు మెయ్ అమ్మను మట్టిలో పెట్టాం. అది జరిగి రెండేళ్లయింది. ఇవాళ పొద్దున గ్లాసులో నాలుగు ఎండు చామంతులు వేసి వేడినీళ్లు పోస్తే ఆ వాసన లేచింది. కొంత ఎండుగడ్డి, కొంత తేనె, అడుగున కాస్త చేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. అయినా చెయ్యి అలవాటుగా రెండో గ్లాసు తీసింది. చూసుకుని మళ్లీ బోర్లించాను.

ఆమెను మీరు చూసి ఉండరు. వరంగల్ బజారులో నా పూల బండికి ఎదురుగా చైనా పంటి డాక్టర్ దవాఖాన ఉండేది. ఆ డాక్టర్ భార్య. పుట్టింది కలకత్తాలో, చైనా వాళ్ల వాడలో. పెళ్లయి ఇక్కడికి వచ్చింది, మళ్లీ పోలేదు. పిల్లలు లేరు. డాక్టర్ పోయాక దవాఖాన మూతపడింది, వెనక గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. బజారంతా ఆమెను చైనమ్మ అనేది. నేనూ అదే అనేదాన్ని. ఒక రోజు నన్ను నిలబెట్టి, "నిన్ను ఎవలన్న ఓ పూలబండీ అంటే పలుకుతవా?" అని అడిగింది. బేరం కోసమైతే పలుకుతానన్నాను. "నీకు రోషం లేదు రాజమ్మా. నాకున్నది. నా పేరు మెయ్," అన్నది.

డాక్టర్ పోయిన ఏడాదే, దసరా నాడు దుకాణాలన్నిటికీ నా దండలు వేలాడుతుంటే ఆమె తలుపు ఒక్కటే బోసిగా కనిపించింది. బండిలో మంచివి ఏరి, అన్నీ తెల్ల చామంతులే గుచ్చి, అడగకుండానే పోయి ఆ తలుపుకు కట్టాను. ఆమె బయటికి వచ్చి చూసింది.

"నేనింక సావలే రాజమ్మా."

"పండుగ పూట గవేం మాటలమ్మా?"

"మా దాంట్ల తెల్ల చామంతి సచ్చినోళ్లకు పెడతరు."

గబుక్కున దండ మీద చెయ్యి వేశాను. తెంపబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి. ఇంట్ల ఒకలు పోయిన్రు గదా. ఆయనకు ఎవలూ పెట్టలే."

ఆ రోజు లోపలికి పిలిచి మొదటిసారి ఆ నీళ్లు తాగించింది. కలకత్తా నుంచి ఎప్పుడో తెప్పించుకున్న ఎండు పూలు, వాడి ముడుచుకుపోయి గుండీల్లా ఉన్నాయి. వేడినీళ్లు పడగానే ఒక్కో రేకు లేచి, గ్లాసులో మళ్లీ పువ్వయింది. జన్మంతా పూలు అమ్మినదాన్ని, వాడిపోయింది మళ్లీ విచ్చుకోవడం అంతకు ముందు చూడలేదు. తెల్లది కళ్లకట, పచ్చది జలుబుకు, తలనొప్పికట, రెండూ ఒంట్లో వేడి దించుతాయట. వాళ్లమ్మ చెప్పిందట. నా బండి మీది పూలు ఎండబెట్టుకోవచ్చు కదా అన్నాను.

"వాటికి మందు కొడతరా?"

"కొట్టకుంటే పురుగు తింటదమ్మా."

"పురుగు తినందాన్ని నేను తాగాల్నా?"

అందుకని పరకాల దగ్గర నాకు పూలు వేసే రైతును అడిగి నారు తెచ్చాను. ఆమె ఉండే ఇంటి మేడ మీద రంగు డబ్బాల్లో పెట్టాం. చలికాలానికి విరగబూశాయి. మొదటి కోత నేనే పాడు చేశాను. నీళ్లు చల్లకుండా పూలను ముట్టడం నా చేతులకు రాదు. తెంపిన పూల మీద చల్లాను, నీడలో ఆరబోసినవాటి మీద కూడా పోతూ వస్తూ చల్లాను. మూడో నాటికి జల్లెడంతా నల్లగా బూజు. ఆమె తిట్టలేదు. ఒక పువ్వు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "నువ్వు ఇయ్యాల అమ్ముడుపోవాలని చల్లుతవు. నాకు ఏడాది ఉండాలె. చేతులు కట్టుకొని కూసో," అన్నది. తర్వాతి కోతకు పూలను కాసేపు ఆవిరి పట్టించి, బోర్లా పరిచి, నన్ను దూరంగా కూర్చోబెట్టింది. ఏమీ చేయకుండా కూర్చోవడం నాకు నేర్పింది ఆమే. అంత కష్టమైన పని నేను ఇంకోటి చేయలేదు.

తర్వాత నా కళ్లకు పొర కమ్మింది. దారం సూదిలోకి పోయేది కాదు. ఈ నీళ్లు రెండు పూటలా తాగితే పోతుందని నమ్మకంగా తాగాను. సంగతి తెలిసి నా ముందు నుంచి గ్లాసు లాగేసుకుంది. "కండ్లు మండితే ఇది సల్లవరుస్తది. మోతిబిందు ఇది తియ్యదు. దవాఖానకు పో. ఆపరేషన్ అయ్యేదాక నీకు ఒక్క పువ్వియ్య."

"బయమైతాందమ్మా."

"అయితే నేనొస్త. నన్ను జూసి డాక్టరే బయపడతడు."

వచ్చింది. బయట బెంచీ మీద పగలంతా కూర్చుంది. ఆ కళ్లతోనే ముసలితనంలో వాడలో పెట్టిన బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఆమె దవాఖాన బోర్డు. ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఇన్నేళ్లు ఆ బోర్డు కిందే తిరిగింది. చివరిదాకా విని, "నా పేరు లేదా అండ్ల?" అని అడిగింది. లేదన్నాను. సుద్దముక్క తెచ్చి కింద మూల రాశాను. వానకు పోయినప్పుడల్లా మళ్లీ రాసేదాన్ని.

ఒక చలికాలం మేడ మీద పూలు కోస్తూ, నా వైపు చూడకుండా అడిగింది. "నేను పోయిన్నాడు తెల్లవి తెస్తవా? కలకత్తల మా అమ్మకు ఎవలు పెడతాండ్రో తెల్వది. గట్ల నాకు కావద్దు."

"నేనే ముందు పోతే?"

"అప్పుడు నీకు నేను తెస్త. ఫికర్ చెయ్యకు."

తెస్తానన్నాను. అది చలికాలం. ఆమె పోయింది నడి ఎండాకాలం. డబ్బాల్లో ఎండిన కొమ్మలు. మార్కెట్‌కు పోతే మల్లెలే మల్లెలు. బయటి నుంచి వచ్చిన చామంతి ఉంది, అంతా పచ్చదే. హన్మకొండ దాకా తిరిగాను. తెల్లది ఒక్కటి లేదు. బతికినన్నాళ్లూ నన్ను ఏమీ అడగని మనిషి అడిగిన ఒక్కటి, పూలమ్మేదాన్ని నా చేతుల్లో లేకుండా పోయింది. ఖాళీ చేతులతో ఆమె గదికి వచ్చి కూర్చున్నాను. గూట్లో సీసా కనిపించింది, ఆమె ఎండబెట్టిన తెల్లవి. ఆమె పొయ్యి మీదే నీళ్లు మరగబెట్టి గిన్నెలో పోశాను. చేతులు కట్టుకుని కూర్చున్నాను. విచ్చుకున్నాయి.

గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆటోలో పోయాను. చర్చి వాళ్ల సమాధుల తోటలో, డాక్టర్‌ను పెట్టిన చోటికి పక్కనే గుంత. మట్టి కప్పాక ఆ గిన్నెతో వంగాను. "గిదేంది రాజమ్మా, చాయ్ పోస్తానవా?" అన్నాడు పక్క దుకాణం దర్జీ. "ఆమె అడిగింది," అన్నాను. నీళ్లు వంచేసి, ఒక్కొక్క పువ్వూ మట్టి మీద పెట్టాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

ఆమె గదిలో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. డబ్బాలు నా వాకిట్లోకి తెచ్చుకున్నాను. ప్రతి చలికాలం కోసి, చేతులు కట్టుకుని కూర్చుంటాను. సగం తాగుతాను, సగం దాస్తాను. నాకు ఎవరు తెస్తారో తెలియదు. అడగడానికి మనిషి ఇంకా దొరకలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: ప్రార్థన చదివిన పాస్టర్ దానం గారు, దర్జీ యాకూబ్, ఇంటి ఓనరు కోడలు సుజాత, గుంత తవ్విన ఎల్లయ్య, సమ్మయ్య, నేను రాజమ్మను. మట్టిలో మెయ్ అమ్మ.