సంగటి ముద్దలో గుంత

నా చిన్నప్పుడు నా కళ్లు నా పళ్లెంలో ఉండేవి కావు, పక్క పళ్లెంలో ఉండేవి. ఎవరికి ఏం పెట్టారు, ఎంత పెట్టారు, నాకన్నా ఎక్కువ పెట్టారా అని చూసుకునే లోపలే నా ముద్ద చల్లారిపోయేది. చల్లారిన సంగటి గొంతు దిగదు. దిగకపోతే అది కూడా ఎదుటివాళ్ల తప్పే అనుకునేదాన్ని. తొమ్మిదేళ్ల పిల్లకు అంత ఈర్ష్య ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు గానీ, దాన్ని దాచుకోవలసిన వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది.

మాది కుందుర్పి దాపున మెట్ట చేల మధ్య ఉన్న చిన్న ఊరు. వాన పడిన ఏడు చేలో వేరుశనగ, మధ్య మధ్య సాళ్లలో కందులు, అలసందలు, అనుములు. పడని ఏడు ఉత్త గులకరాళ్లు. ఇంట్లో మా తాతయ్య, అవ్వ, నాయన, అమ్మ, నేను. చిన్నాయన పని కోసం బళ్లారి వైపు పోయి నెలకొకసారి వచ్చేవాడు. వంట అంతా అవ్వ చేతిలోనే ఉండేది. అమ్మ పొద్దున్నే చేనికి పోతే అవ్వ పొయ్యి దగ్గర కూర్చునేది.

మా ఇంట్లో సంగటి పెట్టడానికి ఒక పద్ధతి ఉండేది. అవ్వ కుండలో రాగిపిండిని తెడ్డుతో గెలికి దించి, చేయి నీళ్లలో తడుపుకొని, పొగలు పోతుండగానే ముద్దలు కట్టేది. ఒక్కొక్క ముద్దను పళ్లెంలో పెట్టి, నడుమ బొటనవేలితో గుంత చేసేది. ఆ గుంతలో ఏం పడాలో ఆమె ఇష్టం. నాయనకు శెనక్కాయలు రోట్లో నూరిన ఊరిబిండి, తాతయ్యకు మెత్తగా ఎనిపిన పప్పు, అమ్మకు ఆకుకూర, నాకు అన్నీ కొంచెం కొంచెం. ఇది నాకెందుకు, నాకది ఎందుకు లేదు అని ఎవరూ నోరు తెరవకూడదు. ముద్ద పెట్టిన చేతిని అడగరాదు అనేది మా ఇంటి కట్టుబాటు. మా తాతయ్య, ఊళ్లో పదిమందికి తగువులు తీర్చే మనిషి, ఆయన కూడా పళ్లెం ముందు కూర్చుంటే తలవంచుకొని తినేవాడు.

మాకు ఒక ఎర్ర కోడిపెట్ట ఉండేది. అది పెట్టే గుడ్డు నాది. నాదని ఎవరూ రాసి ఇవ్వలేదు, కానీ ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పిల్లను కాబట్టి అవ్వ దాన్ని ఉడికించి నా గుంతలోనే పెట్టేది. ఎనుము ఈనిన రోజుల్లో నెయ్యి చుక్క కూడా నాకే. అవ్వకు నేనంటే ప్రాణమనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఆ గుడ్డూ ఆ నెయ్యీ.

అలాంటి సమయంలో మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, అప్పటిదాకా పుట్టింట్లోనే ఉండి, కాన్పు అయ్యి, మూడో నెల బిడ్డను ఎత్తుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె వచ్చిన మరునాడే నా గుడ్డు ఆమె గుంతలోకి పోయింది. గుడ్డుతోపాటు నెయ్యి. ఆ రెండూ చాలవన్నట్లు మునగాకు పప్పు, వేయించిన తెల్లగడ్డ రెబ్బలు, పైన శెనక్కాయ పొడి. ఆమె సన్నగా, నవ్వుమొహంతో ఉండేది. నన్ను పాపా అని పిలిచేది, తల దువ్వేది. అవన్నీ నన్ను మంచి చేసుకోవడానికి వేస్తున్న ఎత్తులని నా నమ్మకం. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. బిడ్డను చూస్తే ఇంకా మండేది. రెండు వారాలు పళ్లు బిగబట్టుకొని చూశాను. ఒకరోజు ఆమె గుడ్డును రెండు చేసి తింటుంటే నా వల్ల కాలేదు. పళ్లెం ముందుకు తోసేశాను.

"అవ్వా, నన్ను యాడన్నా పారేయ్. చిన్నమ్మనే పెట్టుకో."

అమ్మ చేయి ఎత్తింది. అవ్వ ఆమెను ఆపింది. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"సరే. రేపటినుంచి ముద్ద నువ్వే పెట్టు. కుండ నేను దించుతా, గుంత నువ్వు చెయ్యి. ఎవురికి ఏం పెడతావో నీ ఇష్టం. నేనూ అడగను, ఈడ ఎవ్వురూ అడగరు."

ఆ పూట నా అంత గొప్పది ఊళ్లో ఇంకొకతె లేదు.

మరునాడు చేయి తడుపుకొని కూర్చున్నాను. వేడి సంగటికి చేయి కాలింది, అయినా పైకి చెప్పలేదు. నేను న్యాయంగా పెట్టాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అందుకని ముద్దలన్నీ ఒకే కొలతగా కట్టాను. చేలో విత్తనాల గొర్రు పట్టే నాయనకూ, నడవలో కూర్చునే తాతయ్యకూ, నాకూ ఒకటే ముద్ద. గుంతల దగ్గరికి వచ్చేసరికి న్యాయం కొంచెం నా వైపు ఒరిగింది. గుడ్డు నాకు. నెయ్యి నాకు. ఊరిబిండి సగం నాకు. నాకు పడని ఆకుకూర అంతా తక్కినవాళ్లకు పంచాను. తాతయ్యకు వేయించిన శెనక్కాయలు కూడా పెట్టి, చూశారా ఎంత ఉదారంగా ఉన్నానో అన్నట్లు అందరి ముఖాలూ చూశాను. చిన్నమ్మ గుంతలో ఉత్త పులుసు పోశాను. అందరూ తలలు వంచుకొని తిన్నారు. చిన్నమ్మ కూడా అదే నవ్వుమొహంతో తిన్నది. ఆ నవ్వు మాయం కానందుకు నాకు కోపం వచ్చింది.

అది తొలకరి పడిన వారం. ఊరంతా విత్తనం వేసే తొందరలో ఉంది. రెండో రోజు మధ్యాహ్నం నాయనకు సంగటి బుట్ట నేనే మోసుకొని పోయాను. ఆయన ఎద్దులను నిలబెట్టి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ముద్ద నాలుగు మింగుళ్లలో అయిపోయింది. ఆయన బుట్టలోకి చూశాడు. బుట్టలో ఇంకేమీ లేదు. చెంబెడు నీళ్లు గటగట తాగి, "మంచిగుండాది పాపా" అని లేచి గొర్రు పట్టుకున్నాడు. రెండు సాళ్లు తోలి మళ్లీ ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. అవ్వ ఎప్పుడూ ఆయనకు రెండు ముద్దలు, ఒక ఉల్లిగడ్డ పంపేదని అప్పుడు గుర్తుకొచ్చింది. ఇంటికి వచ్చేసరికి తాతయ్య తన పంచె కొంగులో ముడి విప్పి వేయించిన శెనక్కాయలు కోడిపెట్టకు వేస్తున్నాడు. నన్ను చూసి ముడి వేసుకున్నాడు. ఆయనకు ముందు పళ్లు లేవన్నది నేను పుట్టినప్పటినుంచి చూస్తున్న విషయమే.

ఇక నా సంగతి. గుడ్డు, నెయ్యి, ఊరిబిండి, మధ్యలో దొంగచాటుగా బెల్లం, శెనక్కాయలు. ఆకు ముట్టలేదు, మజ్జిగ ముట్టలేదు. మూడో రోజుకు కడుపు రాయి అయిపోయింది. చెంబు తీసుకొని కంపచెట్ల చాటుకు పోవడం, పోయిన బరువుతోనే తిరిగి రావడం. నాలుగుసార్లు పోయి వచ్చాక ఇక నడవలేక పొయ్యి వెనక గోడకు ఆనుకొని ముడుచుకొని పడుకున్నాను. ఆ పూట అందరికీ ముద్దలు పెట్టాను గానీ నేను తినలేదు.

అక్కడ పడుకొని ఉండగానే బిడ్డ ఏడుపు మొదలైంది. చిన్నమ్మ పాలిస్తోంది, బిడ్డ రెండు గుక్కలు తాగి వదిలేసి మళ్లీ ఏడుస్తోంది. ఒకటి రెండు రోజులు తిండి తగ్గితేనే పాలు ఆగిపోవని ఇప్పుడు నాకు తెలుసు. నలుగురిని కని పెంచినదాన్ని. అప్పుడు తెలియదు. ఆ ఏడుపు నా పేరు పెట్టి పిలుస్తున్నట్లే ఉంది. అమ్మ వచ్చి, ఏమి తింటివి అని చిన్నమ్మను అడిగింది.

"కడుపునిండా తింటినక్కా. పాప బాగా పెట్టింది."

ఆమె నన్ను పట్టించి ఉంటే బాగుండేది. కాసేపు ఏడ్చేదాన్ని, రెండు దెబ్బలు తినేదాన్ని, లెక్క సరిపోయేది.

అందరూ లేచిపోయాక అవ్వ పళ్లెం తీసుకుంది. గోడ పక్కన నేనున్నానని ఆమె చూడలేదు. కుండ అడుగున అంటుకున్న మాడును తెడ్డుతో గీరింది, అందులో నీళ్లు పోసింది, ఉప్పురాయి వేసింది, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తిన్నది. పప్పు గిన్నె ఖాళీ. ఆకు గిన్నె ఖాళీ. ఆమె పళ్లెంలో ముద్ద లేదు, గుంత లేదు. ఊళ్లో ప్రతి పళ్లెంలోకీ తొంగిచూసిన నేను ఆ ఒక్క పళ్లెంలోకి ఎన్నడూ చూడలేదు.

నేను తప్పుగా పంచినందువల్లే అవ్వకు ఏమీ మిగల్లేదేమో అని భయం వేసింది. సాయంత్రం ఎవరూ లేనప్పుడు చిన్నమ్మ దగ్గరికి పోయి అడిగాను. ఆమె బిడ్డను భుజం మార్చుకుంటూ, "ఎప్పుడూ అంతే పాపా. నేను వచ్చినప్పటినుంచి చూస్తాండా. చెప్తే ఇనదు" అన్నది. ఆ మాట విన్న క్షణంలో కూడా నాకు కలిగింది ఈర్ష్యే. నా అవ్వ పళ్లెం నాకన్నా ముందు ఆమె చూసింది. రెండు వారాల్లో చూసింది. గుడ్డు పోయినప్పటికన్నా ఆ సంగతి ఎక్కువ మండింది.

ఆ రాత్రి అవ్వ నాకు చెంచలాకు పప్పులో మెత్తటి సంగటి కలిపి, పైన పలుచటి మజ్జిగ పోసి తాగించింది. పొట్ట మీద ఆముదం రాసింది. రాస్తూ రాస్తూ ఒక్క మాటే చెప్పింది.

"పళ్లేలు సూసి పెట్టినావు నువ్వు. మనుసుల్ని సూసి పెట్టల్ల. మీ నాయనకు గొర్రు ఉండాది, తాతకు పండ్లు లేవు, దానికి సంకలో బిడ్డ ఉండాది. నీకు ఎదిగే వొళ్లు. ఒగరికి బలమైంది ఇంకొగరికి బరువు."

మరి నీకో అని అడగాలనుకున్నాను. అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందని నాకు తెలుసు. అడగలేదు.

పొద్దున్నే కడుపు తేలికైంది. నేను చేయి తడుపుకొని కూర్చున్నాను. నాయనకు రెండు ముద్దలు, ఊరిబిండి, ఉల్లిగడ్డ. తాతయ్యకు పప్పులో కలిపి వేళ్లతో మెదిపిన సంగటి. అమ్మకు అనపగింజల పులుసు, ఆకుకూర. చిన్నమ్మకు మునగాకు పప్పు, తెల్లగడ్డలు, రెండు గుప్పిళ్ల శెనక్కాయ పొడి, నెయ్యి. నెయ్యి వంచేటప్పుడు చేయి కొంచెం ఆగిన మాట నిజం. నాకు ఆకు, పప్పు, మజ్జిగ. అన్నిటికన్నా ముందు ఇంకొక పళ్లెం తీసి, దానిలో నిండు ముద్ద పెట్టి, పప్పూ ఆకూ వేసి, గుంతలో ఆరోజు గుడ్డు ఉంచి, అవ్వ ముందుకు జరిపాను.

"ఇదేందే? నాకెందుకు ఇది? దానికి బిడ్డ..."

"ముద్ద పెట్టిన చేతిని అడగరాదు" అన్నాను.

తాతయ్య బోసినోటితో పగలబడి నవ్వాడు. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ ఒకసారి తాతయ్య వైపు, ఒకసారి అమ్మ వైపు చూసింది. ఎవరూ ఆమెను గట్టెక్కించలేదు. తాను పెట్టిన కట్టుబాటులో తానే ఇరుక్కుంది. చివరికి పళ్లెం దగ్గరికి లాక్కుంది. మాతోపాటు కూర్చొని ఆమె తినడం నేను చూసిన మొదటిసారి అదే. గుడ్డును చిన్న చిన్న ముక్కలు చేసుకొని, ప్రతి ముక్కనూ సంగటిలో అద్దుకొని, చాలాసేపు తిన్నది. మధ్యలో కళ్లు ఒత్తుకుంది. అది చూసి మేమంతా చూడనట్లు నటించాము. పళ్లెం ఖాళీ అయ్యాక నా వైపు తిరిగి, "పప్పులో ఉప్పు తక్కువ" అన్నది.

ఉప్పు వేసింది ఆమే. అయినా అడగలేదు.

ఆ రోజుతో నా ఈర్ష్య పోయిందని చెబితే అబద్ధమవుతుంది. చిన్నమ్మ బిడ్డ నడక నేర్చి అవ్వ ఒడి ఎక్కినప్పుడు మళ్లీ మండింది. కానీ చిన్నమ్మా నేనూ ఒక జట్టు అయ్యాము. వంతులేసుకొని అవ్వకు ముద్ద పెట్టేవాళ్లం.

ఇప్పుడు అనంతపురంలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మేము బియ్యం దొరక్క తిన్న కొర్రలు ఇప్పుడు బియ్యం కన్నా ప్రియం. మా కోడలు సెల్‌ఫోనులో చూసి ఒక నెల అన్నం మానేయమంటుంది, ఇంకో నెల గింజలు నానబెట్టి తినమంటుంది. అన్నీ మంచివేలే, అన్నీ కొంచెం కొంచెం పెట్టు తల్లీ, మనిషిని చూసి పెట్టు అంటాను. పిల్లవాడు ఆటలాడి వస్తాడు, నీ మొగుడు రోజంతా కుర్చీలో కూర్చొని వస్తాడు, నాకు చక్కెర జబ్బు. అందరికీ ఒకటే గిన్నె ఎట్లా సరిపోతుంది? ఆమె వింటుంది. పెడుతుంది కూడా. పొద్దున ఆఫీసుకు పోయి, సాయంత్రం వచ్చి, వండి, ముగ్గురికీ మూడు రకాలు సర్ది, తాను మాత్రం వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలో మిగిలింది నోట్లో వేసుకుంటుంది.

నా కళ్లు ఇప్పటికీ నా పళ్లెంలో ఉండవు. రా, కూర్చో అని పిలిస్తే, "మీరు తినండత్తా, నేను తర్వాత తింటా" అంటుంది.

అప్పుడు నేను లేచి వెళ్లి చేయి తడుపుకుంటాను.