ఆషాఢానికి రాని బ్యాంకు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి కొంత వయసుండాలి. కనీసం ఒక పన్నయినా కదులుతూ ఉండాలి. నాకింకా ముప్పై నిండలేదు, పళ్ళన్నీ రాళ్ళలాగా ఉన్నాయి. అయినా నయాపైసలు వచ్చిపడ్డాక, అణాలు ఎరిగిన ప్రతివాడికీ ఆ మాట అనే హక్కు వచ్చేసింది కాబట్టి నేనూ వాడుకుంటున్నాను. ఆ రోజుల్లో, రాష్ట్రం ఇంకా వేరుపడక ముందు, చెన్నపట్నమే మాకు పట్నమైన కాలంలో, ఒక మహాసామ్రాజ్యం ఎట్లా పుట్టిందో, చిన్న చిన్న రాజ్యాలను ఒక్కొక్కటిగా తనలో ఎట్లా కలుపుకుందో, ఎవరి కోట కూలిందో, ఎవరి కిరీటం మట్టిలో దొర్లిందో ఆశ్వాసాలు ఆశ్వాసాలుగా మీకు చెప్పబోతున్నాను. కాస్త సర్దుకుని కూర్చోండి. (అంత సర్దుకోనక్కర లేదు. నిజం చెప్పాలంటే ఇది ఒక బ్యాంకు కథ. సామ్రాజ్యమంటే పట్నంలో ఒక బ్యాంకు. కూలిన కోట అంటే ఉదయగిరిలో ఒక గది, అందులో ఒక ఇనప్పెట్టె, ఒక బల్ల, ఆ బల్ల వెనక నేను. ఉదయగిరిలో అసలు కోట కొండమీద ఉండనే ఉంది. అది మాకంటే చాలా ముందే కూలింది.)

ఆ గది మా గొడుగు మామది. మా అమ్మకు పెదనాన్న కొడుకు. ఎండాకాలం వానాకాలం లేకుండా చంకలో గొడుగుండేది. వాన పడితే మాత్రం తడిసి పాడవుతుందని తెరిచేవాడు కాదు. పిల్లలు లేరు. ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళందరి గడపలూ ఎక్కి దిగి, వాళ్ళను ఒప్పించి, తన ఇంటి ముందుగదిలోనే ఒక బ్యాంకు పెట్టాడు. బోర్డు మీద దానికి బారెడు పేరుండేది గానీ, జనానికి అది కొండకింది బ్యాంకే. వరికుంటపాడు వైపు నుంచి నడిచివచ్చిన రైతులు ముందు మజ్జిగ అడిగి, తర్వాత అప్పు అడిగేవాళ్ళు. (మజ్జిగ ఇచ్చేది గోడవతల మా అత్త. దానికి వడ్డీ లేదు.) నేను ఎస్సెల్సీ గట్టెక్కి, గాలికి తిరుగుతుంటే మామ పిలిచి గుమాస్తాగా కూర్చోబెట్టాడు. "వాడి నోరు తప్ప తక్కిందంతా పనికొస్తాది" అని అత్తతో అన్నాడట. ఉద్యోగంలో నాకు దొరికిన యోగ్యతాపత్రం ఇప్పటికీ అదొక్కటే.

ఇనప్పెట్టె సంగతి ఇక్కడే చెప్పాలి. దానికి రెండు తాళాలు, రెండు వేరువేరు తాళంచెవులు. బ్యాంకుల్లో పద్ధతి అది. ఒక్కొక్కటి ఒక్కొక్కరి దగ్గరుండాలి, ఇద్దరూ కలిసి తిప్పితేనే పెట్టె తెరుచుకోవాలి. మామ తన తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని స్నానానికి కూడా విప్పేవాడు కాదు. నా తాళంచెవిని నేను రోజూ ఎక్కడో ఒకచోట పారేసుకుని, రోజూ అత్త చేత వెతికించేవాణ్ణి. పొద్దున్నే ఇద్దరం పెట్టె ముందు వంగి ఒకేసారి తిప్పుతుంటే అత్త గుమ్మంలోంచి చూసి, "పూజ అయిందా?" అనేది.

చిన్న బ్యాంకులు ఒంటరిగా నిలబడలేని కాలం వచ్చింది. ఒక ఎండాకాలం పట్నం బ్యాంకు తరఫున ఒకాయన బస్సు దిగాడు. ఉదయగిరి ఎండలో కోటు తొడుక్కుని దిగినందుకు ఆ క్షణంలోనే కోటు సార్ అయిపోయాడు. మంచి మనిషి. మా గదిలో కూర్చుని, చెమట తుడుచుకుంటూ తన బ్యాంకు చరిత్ర చెప్పాడు. మొదట అది ఒక వీధి బ్యాంకట. పక్కవీధి బ్యాంకును కలుపుకుందట. తర్వాత సముద్రం ఒడ్డున ఇంకొకదాన్ని కలుపుకుంది, నెల్లూరులో ఒకదాన్ని కలుపుకుంది, ఆత్మకూరులో మాలాంటి దాన్ని మొన్ననే కలుపుకుంది. వింటుంటే నాకు ఆకలేసింది. ఇప్పుడు మా వంతు. లెక్కలూ ఇనప్పెట్టే నేనూ ఆత్మకూరు వెళ్ళాలి, ఉదయగిరి గది మూసేయాలి. ఎవరి సొమ్ముకూ ఢోకా లేదు.

"అంటే మింగేస్తారన్నమాట" అంది అత్త గోడవతల నుంచి.

"ఛఛ, మింగేది లేదమ్మా" అన్నాడు కోటు సార్ కంగారుగా. "ఇది కల్యాణం మాదిరి. రెండిళ్ళు ఒకటవుతాయి. పేరు ఒకటే మారుతుంది, అంతే."

"విడిది ఎక్కడిస్తారు సార్?" అన్నాను నేను.

"నువ్వు నోరుమూయరా" అన్నాడు మామ. తర్వాత గొడుగును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "కల్యాణమంటివి గదయ్యా. మరి ఆషాఢానికో?"

"ఆషాఢానికి ఏమండి?"

"ఏందయ్యా అట్టంటావు? కొత్త కోడల్ని ఆషాఢానికి పుట్టింటికి పంపించల్ల గదా. అత్తా కోడలూ ఒక గడప దాటగూడదు. మా పిల్ల ఆ నెలంతా ఈడ ఉండాల, ఈ గదిలో."

మేమంతా నవ్వాం. అందరికంటే ఎక్కువసేపు నేనే నవ్వాను. కోటు సార్ కూడా నవ్వి, "మావైపు కూడా అదే వాడుకండి. తప్పకుండా పంపిస్తాం" అన్నాడు. పెద్దవాడి మనసు నొప్పించకూడదని అన్న మాట అది. నవ్వనివాడు మామ ఒక్కడే. బోర్డు పోతే పోనీ, పేరు మారితే మారనీ, ఏడాదికి ఒక్క నెల ఆ గది తలుపు తెరుచుకుని, మజ్జిగ అడిగేవాళ్ళు గుమ్మంలో నిలబడితే చాలునన్నది ఆయన లెక్క. ఆ ఒక్క మాట మీదే సంతకం పెట్టాడు. నాకు అది తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తోచింది వేరు. బ్యాంకు మామకు కూతురైతే వరసకు నాకు మరదలు. మా పద్ధతిలో నాకు దక్కాల్సిన పిల్ల. కళ్ళముందే పట్నంవాళ్ళు ఎగరేసుకుపోతున్నారు. ఈ సంగతి ఊరంతా తిరిగి చెప్పి నవ్వించాను.

పెట్టెను పంపే రోజున మామ కొత్త పంచె కట్టాడు.

"పెట్టెకు పసుపూ కుంకం గూడా పెట్టమంటావా ఏంది?" అంది అత్త.

"పెట్టు."

"నీకు మతి పోయుండాది" అంటూనే పెట్టింది. అంతటితో ఆగలేదు. సారె లేకుండా పంపితే పట్నంవాళ్ళు ఏమనుకుంటారని అంతకుముందే అరిసెలు వండి పెట్టింది. బండిలో పెడితే దుమ్మూ చీమలూ అని ఆ అరిసెల డబ్బాను ఇనప్పెట్టెలోనే పెట్టించింది. (రొక్కం అప్పటికే కోటు సార్ తోలుసంచిలోకి చేరింది. పెట్టె ఖాళీగానే ఉంది.) మామా నేనూ చివరిసారి వంగి, రెండు తాళాలూ కలిసి వేశాం. నా తాళంచెవి కోటు సార్ చేతిలో పెట్టాను. ఆయన మామ వైపు చెయ్యి చాపాడు.

"పెట్టె ఆషాఢానికి వస్తాది గదా" అన్నాడు మామ మొలతాడు సర్దుకుంటూ. "అప్పుడు నేనే తెరస్తా."

"అరిసెలయ్యా, అరిసెలు!" అని అత్త అరిచింది.

"అవి నిలవుంటాయిలే."

అవతల బస్సు హారన్ కొడుతోంది. "పరవాలేదండి, ఆత్మకూరులో వేరే పెట్టె ఉంది" అని కోటు సార్ పరుగెత్తాడు. ఆ మాట మామ వినలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. పెట్టెను నలుగురు ఎత్తి ఎడ్లబండి మీద పెట్టారు. మామ దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కళ్ళు తడిగా కనిపించాయి. నేనా చూస్తూ ఊరుకునేవాణ్ణి? "మామా, ఇనుము మీద ఏడిస్తే తుప్పు పడతాది" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామ చెయ్యి తీసేశాడు. పైపంచెతో పెట్టె ఒకసారి తుడిచాడు కూడా.

బండితోపాటు నేను బయల్దేరాను. బండి తోలినవాడిని ఊళ్ళో అందరూ పెద్దన్న అనేవాళ్ళు. ఆదివారమైతే మిషను గుడికి తప్ప ఎక్కడికీ బండి కట్టడు. "మాకు ఆషాఢాలూ గీషాఢాలూ లేవబ్బయా" అన్నాడు దారిలో. "గానీ మీ పెండ్లికూతురు బలే బరువుండాది. ఎద్దులు నురగలు కక్కతా ఉండాయి." అనుమసముద్రంపేటలో దర్గా దగ్గర టీ అంగడి ముందు బండి ఆపాం. అంగడాయన పెట్టె మీద పసుపు చూసి, "ఏం సామాను భాయ్ లోపల?" అన్నాడు.

"పెండ్లికూతురు" అన్నాడు పెద్దన్న.

"అట్టయితే తలుపు తీసి కొంచెం గాలాడనీరాదా?"

"తీయలేం. తాళంచెవి ఒకటి నాయన కాడ, ఇంకోటి మొగుడి కాడ ఉండాది" అన్నాను. అంగడాయన టీకి కాసులు తీసుకోలేదు. నా జోకులకు దొరికిన సంపాదనలో అది కూడా ఒకటి.

ఆత్మకూరు బ్యాంకులో మా పెట్టెను ఒక మూల గోడవారగా దించారు. దానితో ఎవరికీ పనిలేకపోయింది. కొన్నాళ్ళపాటు ఆ మూల నుంచి నేతివాసన వచ్చేది. గుమాస్తాలందరూ ఫైళ్ళు వెతుక్కునే వంకతో అటు వెళ్ళి, గాఢంగా ఊపిరి పీల్చుకుని వచ్చేవాళ్ళు. తాళంచెవి తెమ్మని ఒకసారి నన్ను ఉదయగిరికి పంపారు కూడా. "పెట్టెనే రానీరా" అని మామ ఉత్త చేతులతో వెనక్కి పంపాడు. చీమలు మాత్రం ఏ తాళంచెవీ అడగకుండా లోపలికి వెళ్ళివచ్చాయి.

ఆషాఢం వచ్చింది. ఒక ఆదివారం ఇంటికి వెళ్ళాను. బ్యాంకు గదికి కొత్తగా సున్నం కొట్టి ఉంది. గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి, అవి అప్పటికే ఎండి గలగలమంటున్నాయి. పెట్టె ఉండే చోట పేడతో అలికి ముగ్గు వేయించాడు. మామ చంకలో గొడుగుతో అరుగుమీద కూర్చుని, ఆత్మకూరు దారి వైపు చూస్తున్నాడు. పెట్టెను ఎప్పుడు పంపిస్తారని, ఆత్మకూరు బ్రాంచి చూసుకుంటున్న కోటు సార్‌ను నేను రెండు మూడుసార్లు అడిగి ఉన్నాను. మొదటిసారి నవ్వాడు. తర్వాత ఆయనకసలు ఆ మాటే గుర్తు రాలేదు.

"ఏరా, బయల్దేరిందా?" అన్నాడు మామ.

నా నోట్లో అప్పటికప్పుడు ఎన్ని జవాబులు తయారయ్యాయో నాకే తెలుసు. ఎంత పెద్ద విషాదాన్నయినా ఒక్క మాటతో గాలి తీసేయగలనని అప్పటికి నాకు పేరు. మామ మొలతాడు వైపు చూశాను. తాళంచెవి చింతపండుతో తోమినట్టు మెరుస్తోంది.

"ఎద్దులు దొరకలా మామా" అన్నాను. "వానలు గదా."

ఆ ఏడు వానలు లేవు. మామ ఒకసారి ఆకాశం వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. "అవున్లే, వానలు" అన్నాడు. చంకలో గొడుగు తీసి పక్కన పెట్టాడు. అది ఆయన చంకలోంచి దిగడం నేను చూసింది అదే మొదలు. 

ఆ తర్వాత కొంతకాలానికి పట్నం బ్యాంకే బొంబాయి వైపు నుంచి వచ్చిన ఇంకా పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. అన్ని ఇళ్ళ కోడళ్ళనూ తెచ్చుకున్న అత్తగారు, తానే ఇంకో ఇంటికి కోడలై వెళ్ళిందన్నమాట. ఆత్మకూరులో బోర్డు మార్చారు. కోటు సార్‌ను ఎక్కడికో బదిలీ చేశారు. ఈ వార్త మామకు చెప్పక తప్పలేదు.

"అయితే ఇప్పుడు మన పిల్లకు అత్తగారెవురురా?"

"అత్తగారి అత్తగారు, మామా."

మామ మొలతాడుకున్న తాళంచెవిని తడిమి చూసుకున్నాడు. "అంత పెద్ద సంసారమంటే పని ఎక్కువుంటాది" అన్నాడు. "తీరుబడి యాడుంటాది పాపం." మళ్ళీ ఆషాఢం మాట ఎత్తలేదు. గదికి మాత్రం ఏటా సున్నం కొట్టించేవాడు. చీడ పట్టకుండా ఉంటుందని చెప్పేవాడు.

మామ నయాపైసలు చూడకుండానే వెళ్ళిపోయాడు. కర్మలన్నీ అయ్యాక అత్త నన్ను పిలిచి, కొంగుముడి విప్పి తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. "ఇదో, నీ మరదలి తాళంచెవి. తీసకపోయి ఆ అరిసెలు తిను" అంది. నేను నవ్వాలని చూశాను, ఆమె కూడా నవ్వాలని చూసింది. ఇద్దరికీ సరిగ్గా కుదరలేదు.

తాళంచెవిని ఆత్మకూరుకు తెచ్చి, అందరూ వెళ్ళాక పెట్టె ముందు వంగి తిప్పాను. చక్కగా తిరిగింది. కానీ రెండోది కావాలి. ఒకప్పుడు రోజూ నేను పారేసుకుని దొరకబుచ్చుకున్న ఆ తాళంచెవి, కోటు సార్ సొరుగులో పడి, ఆ సొరుగు ఏ బల్లకో, ఆ బల్ల ఏ ఊరికో వెళ్ళిపోయింది. ఉత్తరాలు రాశాను. అటువంటి పెట్టె తమ లెక్కల్లో లేదని మర్యాదగా జవాబు వచ్చింది. ఆ రోజు అరుగు ముందు నిలబడిన పిల్లవాడు ఇప్పుడు కనిపిస్తే వాణ్ణి మెచ్చుకోవాలో, ఒక్కటి వేయాలో నాకు తేలదు. ఎన్నో మాటలు తెలిసినవాడు, అవసరమైన రోజున నెపాన్ని వానల మీదకు నెట్టేశాడు. అయినా నోరు తప్ప తక్కిందంతా పనికొస్తుందని మామ అన్నాడు కదా, ఆ ఒక్కరోజు ఆ నోరు కూడా కాస్త పనికొచ్చిందనుకుని నాలో నేను నవ్వుకుంటుంటాను.

పెట్టె ఇప్పటికీ ఆత్మకూరు బ్రాంచిలోనే ఉంది. దాని మీద మంచినీళ్ళ కుండ పెట్టారు. ఎత్తు సరిగ్గా సరిపోయింది.