894.827 బీరువా

మా ఏలూరు లైబ్రేరియన్ గారు పోయిన సోమవారం కన్నుమూశారు. కబురు చెప్పినవాడు గ్రంథాలయ అధ్యక్షుడే. "సంతాపసభలో మీరూ మాట్లాడాలండి మేష్టారూ. రెండు నిమిషాలు చాలు, తరవాత టిఫిన్లున్నాయి" అన్నాడు. ఆ రెండు నిమిషాల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడది కొల్లేటి పక్క ఊరు. ఎవరైనా వేలు తడిచేసుకుని పేజీ తిప్పితే, "కుళాయి బయటుందండీ, చెయ్యి కడుక్కుని రండి" అనేవారు. నన్నూ వదల్లేదు.

నిరుడు అధ్యక్షుడికి హాలు ఖాళీ కావాల్సి వచ్చింది, రిసెప్షన్లకు ఇచ్చుకోడానికి. ఎవరూ చదవని పుస్తకాలు తీసేద్దామన్నాడు. కంప్యూటర్లో పుస్తకాల వివరాలు ఎక్కించిన అతని మేనల్లుడు ముందు అన్నిటికీ "తీసివేత" అని పెట్టాడు. తరవాత ఉంచాల్సిన విభాగాలను, పుస్తకాల వీపున ఉండే వర్గీకరణ అంకె ఇచ్చి, ఒక్కొక్కటే "ఉంచు" అని మార్చాడు. ఇంగ్లీషు సాహిత్యం అంకె 820. దశాంశం లేదు గనుక అది బతికింది. తెలుగుది 894.827. సున్నా పుస్తకాలు మారాయని తెర చెప్పింది. ఆ కుర్రాడు చదవకుండానే సరే అని నొక్కాడు.

కూలీలు తెలుగు పుస్తకాలకు పురికొసలు బిగిస్తుంటే లైబ్రేరియన్ గారు పరుగున వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నేనూ పక్కనే ఉన్నాను. లోపల దాగిన అంకెను పూర్తిగా చూపించమంటే, 894.827 వెనకాల 026 అని తోక బయటపడింది.

"కొల్లేరు ఎక్కడ మొదలవుతుందంటే గీత గీసి చూపించలేమండీ మేష్టారూ. ఈ మిషనూ దశాంశాలను అలాగే ఉజ్జాయింపుగా దాచుకుంది. సరిగ్గా ఇక్కడుందా అంటే లేదంటుంది. ఇక్కడికీ అక్కడికీ మధ్య ఉందా అని అడగాలి." 894.8265కీ 894.8275కీ మధ్య అడిగారు. తెలుగు పుస్తకాలన్నీ తెర మీదికి వచ్చాయి.

"ఇది లెక్కలు కట్టే అంకె కాదు నాయనా, పుస్తకం చిరునామా. అక్షరాల్లా దాచమని మొదటిరోజే చెప్పాను కదా?" అన్నారావిడ మేనల్లుడితో.

"అంకెను అంకెలా దాచడం తప్పేంటండీ?" అన్నాడు మేనల్లుడు.

"బండి వచ్చేసిందమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "అయినా తెలుగు ఎవరు చదువుతున్నారు, మన మేష్టారు తప్ప?"

అక్కడున్న గ్రంథాలయ కమిటీ నవ్వింది. నవ్వినవాళ్ళలో ఇద్దరు నా శిష్యులు. వాళ్ళకు నేను తెలుగే చెప్పాను.

బండి తాడేపల్లిగూడెంలోని పాతకాగితాల కొట్టుకు పోయింది. సెలవు దొరికినప్పుడల్లా ఆవిడ గుడ్డసంచీతో బస్సెక్కి, మోయగలిగినన్ని వెనక్కి తెచ్చేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"మళ్ళీ పుస్తకాలేనా అమ్మగారూ? ఇక వాటికీ టికెట్ కొట్టాలండి," అన్నాడు కండక్టరు.

"కొట్టండి బాబూ. కిటికీ పక్క సీటు మాత్రం వాటికే."

గ్రంథాలయం హాల్లోనే జరిగిన సంతాపసభలో అధ్యక్షుడు, "ఆవిడా నేనూ కలిసి ఈ గ్రంథాలయాన్ని కంప్యూటర్ యుగంలోకి తెచ్చాం" అన్నాడు. మేనల్లుడు తలూపాడు. నా వంతు వచ్చాక బండి సంగతి మొదలుపెట్టాను. మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. గొంతెత్తి మిగతాది కూడా చెప్పాను. ముందువరస టిఫిన్లకు లేచింది.

నేను లోపలికి వెళ్ళాను. తెలుగు బీరువాలో సగం అరలు ఖాళీ. ఆవిడ కుర్చీకి గుడ్డసంచీ వేలాడుతోంది. అందులో ఒకే పుస్తకం, ఇంకా అరలో పెట్టనిది. వీపున అంటించిన కొత్త చీటీ అంచు లేచి ఉంది. వేలితో నొక్కాను. నల్లసిరాతో, ఆవిడ గుండ్రటి చేతిరాతలో, 894.827.

ఏడు తరవాత ఏమీ లేదు.