బిరడా పెట్టని పడవ

హాలిస్ టిడ్‌మోర్‌కి పక్షవాతం వచ్చింది పడవలోనే, మార్చి నెలలో, ఒక మాట మధ్యలో. మందుల దుకాణం నడిపే ఒకాయన చేపల కోసం వస్తే, ఆయనకి గాలపు కర్ర పట్టుకునే తీరు చూపిస్తున్నాడు. "చేప కొరికిన సంగతి ముందు నీ చేతికి తెలీదయ్యా, గాలపు తీగకి తెలుస్తుంది. తీగ ఊరికే పక్కకి జరిగిందనుకో, ఇంక నువ్వు..." అన్నాడు. తర్వాతి మాట రాలేదు. కర్ర కుడిచేతిలోంచి జారి నీళ్లలో పడింది. ఆ మందులాయనకి పడవ నడపడం రాదు. అయినా ఎలాగోలా రేవుకి చేర్చాడు కాబట్టి ప్రాణం దక్కింది.

ఉత్తర అలబామాలో టెన్నెసీ నదికి ఆనకట్ట కట్టగా నిలిచిన సరస్సు అది. మీసం నల్లగా ఉన్న రోజుల నుంచీ హాలిస్ అక్కడ ఊళ్లవాళ్లని పడవెక్కించుకుని బాస్ చేపలు పట్టించేవాడు. చేపలెంత పట్టించేవాడో మాటలంతకు రెండింతలు చెప్పేవాడు. "మా ఆయన గాలానికి చేపలు పడతాయనుకుంటున్నారా? ఆ వాగుడు వినలేక అవే పడవలోకి దూకుతాయి" అని భార్య వెర్నా చర్చిలో అందరిముందూ అనేది.

ఆ వాగుడంతా పనికొచ్చేదే. నీళ్లు బురదగా ఉంటే నల్ల ఎర కట్టమనేవాడు, తేటగా ఉంటే నీళ్ల రంగుది. ఎండ ముదిరితే బాస్ నాచు కింద నీడకి చేరుతుంది, అప్పుడు రబ్బరు కప్పని నాచు మీద గెంతించాలి. "అది నోరు తెరుచుకుని లేచినప్పుడు నీ గుండె ఎగిరిపడినా ఫర్వాలేదు, చెయ్యి మాత్రం ఆగాలి. కర్ర బరువెక్కేదాకా ఓపిక పట్టి, అప్పుడు లాగు" అనేవాడు. నాచులో సన్న తీగ వేసేవాడిని చూస్తే ఆయనకి ఒళ్లు మండేది.

అంత మాటకారికి ఆసుపత్రి నుంచి వచ్చాక నోట్లో ఒక్క మాటే మిగిలింది. "సరే."

ఆకలేస్తే సరే. నొప్పిగా ఉంటే సరే. వద్దు అనబోతే కూడా నాలుక మీదికి వచ్చేది సరే. మాటలు నేర్పడానికి వచ్చే అమ్మాయి వెర్నాకి విడమరిచి చెప్పింది. "ఆయనకి అన్నీ తెలుస్తున్నాయండీ. మీరనేది ప్రతిదీ అర్థమవుతోంది. లోపల మాటలన్నీ ఉన్నాయి, బయటికొచ్చే దారే మూసుకుపోయింది." చూపించి చెప్పుకోమని ఒక బొమ్మల అట్ట కూడా ఇచ్చింది. దాని మీద నీళ్ల గ్లాసు, మంచం, మరుగుదొడ్డి, నొప్పితో ముడుచుకున్న మొహం ఉన్నాయి. హాలిస్ ఆ అట్ట వంక చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. ఆయన చెప్పాలనుకున్నవేవీ అందులో లేవు.

వెర్నా తమ్ముడు ఓడెల్ కోళ్ల షెడ్లలో పనిచేసేవాడు. మనసు మంచిది, తొందర ఎక్కువ. ఒకరోజు వాకిట్లో మెట్ల మీద కూర్చుని, "అక్కా, బావ పడవ షెడ్డులో మూలుగుతుంటే చూడలేకపోతున్నా. సెలవు రోజుల్లో బావ మనుషుల్ని నేను తిప్పుతా. బావ లేచేదాకానే" అన్నాడు. హాలిస్ వైపు తిరిగి రెండు తీగ రీళ్లు పైకెత్తాడు. "ఏది కట్టమంటావు బావా, నాచులోకి? ఈ సన్నదేనా?"

కాదు, ఆ లావు అల్లిక తీగ, అది కట్టు, అని హాలిస్ లోపల కేక పెట్టాడు. బయటికి "సరే" అనే వచ్చింది.

"అదీ! నాకు తెలుసు" అని ఓడెల్ సన్న తీగ కట్టుకుని పోయాడు. సాయంత్రం వచ్చి తల పట్టుకున్నాడు. "నాచులోకి దూరి పెద్ద పెద్దవన్నీ తెంపుకుపోయినయ్ బావా! ఇదేం కర్మ!" వెర్నా ఇద్దరికీ చల్లటి తీపి టీ పోసింది. హాలిస్ గ్లాసు ముట్టుకోలేదు.

జూన్‌లో గ్లెండా మాడక్స్ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏటా ఈ రోజుల్లో వచ్చి హాలిస్ పడవ ఎక్కకపోతే ఆమెకి వేసవి వచ్చినట్టుండదు. "హాలిస్ రాకుంటే నేనెందుకూ పడవెక్కడం? ఎత్తుకునైనా తీసుకుపోదాం. నోరు లేకపోతేనేం, కళ్లున్నాయిగా" అంది. వెర్నా భయపడింది గానీ, ఆ మాట విన్న మొగుడి మొహం చూసి కాదనలేకపోయింది.

రేవు దగ్గర ఓడెల్ ట్రక్కుని వెనక్కి నడిపి, పడవ ఉన్న ట్రైలర్‌ని నీళ్ల అంచున ఆపాడు. ట్రక్కు ముందు సీట్లో కూర్చున్న హాలిస్ కళ్లు అద్దం కింద అరమీద పడ్డాయి. ఆయన పాత టోపీ పక్కన పడవ బిరడా ఉంది. ఇత్తడిది. పడవ అడుగున చేరిన నీళ్లు కారిపోవడానికి వెనకవైపు బొక్క ఉంటుంది, పడవ దింపేముందు ఆ బొక్కకి బిరడా బిగించాలి. పడవ కడిగినప్పుడు ఓడెల్ దాన్ని తీసి అక్కడ పెట్టి మర్చిపోయాడు.

హాలిస్ ఎడంచెయ్యి చాచాడు. వేళ్లు అందలేదు. "సరే! సరే!"

"టోపీ కావాలా బావా? అడిగితే ఇవ్వనా?" ఓడెల్ టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టి, సరిచేసి, ఆయన్ని చంకల కింద పట్టుకుని కిందికి దించాడు. హాలిస్ మళ్లీ ట్రక్కు వైపే ఒరిగాడు. మంచి చేత్తో తలుపు పట్టుకుని వదల్లేదు.

"ఏమైందయ్యా?" అంది గ్లెండా.

"సరే. సరే. సరే!" కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్నాళ్లకి పడవెక్కుతున్నాడు కదమ్మా, దుఃఖం వచ్చినట్టుంది" అన్నాడు ఓడెల్. ఒక్కొక్క వేలే మెల్లగా విడిపించి, లైఫ్ జాకెట్ తొడిగి, ఆయన్ని పడవలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా నడుముకి పట్టీ వేసి సీటుకి కట్టాడు.

పడవ వేగంగా పోతున్నంతసేపూ భయం లేదు, ఆ సంగతి హాలిస్‌కి తెలుసు. ముక్కు లేచి పరుగెత్తే పడవలోకి నీళ్లు ఎక్కవు. ఆగితేనే చావు. అడుగు అరలో చడీచప్పుడు లేకుండా నీళ్లు నిండుతాయి, పైన ఉన్నవాళ్లకి కనపడదు. ఆ నీళ్లు తోడే మోటారు చలికాలంలోనే కాలిపోయింది. మార్చిలో మార్చాలనుకున్నాడు.

ఓడెల్ నాచు దగ్గర ఇంజను ఆపాడు. ముందుకెళ్లి, పడవని మెల్లగా జరిపే చిన్న కరెంటు మోటారు నీళ్లలోకి దించాడు. గ్లెండా రబ్బరు కప్పని విసిరి గెంతించింది. నాచు పగిలింది, ఆమె ఓపిక పట్టింది, తర్వాత లాగింది. పెద్ద చేప. "చూశావా హాలిస్, నీ మాట విన్నా!" అని ఆమె అరుస్తుంటే హాలిస్ నడుం కింద పడవ వెనక భాగం బరువెక్కడం గమనిస్తున్నాడు. చిన్న అలకి ఎప్పుడూ లేచే పడవ లేవడం లేదు. ఎడంకాలితో నేలని తన్నాడు. మళ్లీ తన్నాడు.

"మా బావకి హుషారు పుట్టింది!" అని ఓడెల్ ముందునుంచి నవ్వాడు.

చేపని తొట్టిలో వెయ్యడానికి వెనక్కి వచ్చిన గ్లెండా చెప్పులు తడిశాయి. "ఓడెల్, ఇక్కడ నీళ్లేంటి?"

ఓడెల్ ఒక్క ఉరుకున వచ్చి తాళం తిప్పాడు. బ్యాటరీలు అప్పటికే మునిగిపోయాయి. ఇంజను టిక్కుమని కూడా అనలేదు. వెనక అంచు దాటి సరస్సు లోపలికి వచ్చేసింది. గ్లెండా హాలిస్ ముందు మోకాళ్ల మీద కూర్చుని పట్టీ కోసం నీళ్లలో తడిమింది. తడిసిన కొక్కెం రాలేదు. తీగలు కోసే చిన్న కత్తెరతో కోసింది, చాలాసేపు కోసింది. నీళ్లు హాలిస్ ఛాతీ దాకా వచ్చాయి. ఆయన ఆమె తలవెంట్రుకలనే చూస్తూ కూర్చున్నాడు. అంతకన్నా చెయ్యగలిగింది లేదు.

పడవ పూర్తిగా మునగలేదు. లోపల కూరిన థర్మోకోల్ లాంటి నురగ దాన్ని నీటిమట్టానికి నిలిపింది. పట్టీ తెగాక లైఫ్ జాకెట్‌లో తేలుతున్న బావని ఓడెల్ వెనకనుంచి పొదివి పట్టుకున్నాడు. తెప్పపడవలో పోతున్న దంపతులెవరో కేకలు విని వచ్చేదాకా అలాగే ఉన్నారు. ఆ ఎదురుచూపులోనే ఓడెల్‌కి బిరడా గుర్తొచ్చింది.

"బిరడా! నువ్వు చూశావు కదా! చెప్పొచ్చు కదా బావా, ఒక్క మాట చెప్పొచ్చు కదా..." అని ఆయన చెవిలో అరిచాడు. అరిచాక తనేమన్నాడో తనకే వినిపించింది. ఆయన మెడలో మొహం దాచుకుని ఏడ్చాడు.

హాలిస్ వాణ్ణి తిట్టాలనుకున్నాడు. ఫర్వాలేదురా అని కూడా అనాలనుకున్నాడు. రెండింటికీ ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే మాట. అది ఇప్పుడు అననే లేదు.

పడవని ఒడ్డుకి లాక్కొచ్చారు గానీ ఇంజను బాగుపడలేదు. వెర్నా పడవని ఎవరికో ఇచ్చేసింది. పాత మనుషులు వేరే పడవలు వెతుక్కున్నారు. గ్లెండా ఫోన్ చేసి హాలిస్ చెవి దగ్గర పెట్టమని ఏవో కబుర్లు చెబుతుంది. ఓడెల్ మాత్రం రావడం తగ్గించాడు. వచ్చినా అక్కతో రెండు మాటలు మాట్లాడి, బావ గది గుమ్మం దగ్గర నుంచుని, "ఉంటా బావా" అని కళ్లెత్తకుండా పోతాడు.

ఎండలు తగ్గాక వెర్నా ఒక పూట ఆయన్ని ఆనకట్ట కింది ఒడ్డుకి తీసుకెళ్లింది. మడత కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ల మీద దుప్పటి కప్పి, తనే గాలం పట్టుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఎన్నడూ కర్ర ముట్టలేదు. రబ్బరు వానపామును వంకరగా గుచ్చి, నాచూ ఏమీ లేని చోట నీళ్లలోకి విసిరింది. "నవ్వుకోవయ్యా, నవ్వుకో" అంది.

తీగ మెల్లగా పక్కకి జరిగింది.

హాలిస్ చూశాడు. ఎడంచేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని గట్టిగా గుంజాడు.

"ఏంటి, చలేస్తోందా? పోదామా?" ఆమె గబగబా తీగ చుట్టేసింది. పైకి వచ్చిన వానపాముకి తోక లేదు. "అయ్యో, ఇది ఎక్కడ తెగిపోయిందో" అని అటూఇటూ తిప్పి చూసి, ఆమె ఇంకొకటి గుచ్చడానికి కూర్చుంది. ఆయన చెయ్యి ఇంకా ఆమె మోచేతి మీదే ఉంది. తీగ జరిగిన చోట నీళ్లు మళ్లీ నున్నగా సర్దుకున్నాయి.