కలిపిన మందు

ఆ రోజుల్లో నాకు పట్టుదల ఎక్కువ, అనుభవం తక్కువ. ఈ రెండూ ఒకేచోట చేరితే మనిషి ఎంత దూరమైనా వెళ్తాడు, కాకపోతే తరచూ తప్పుదారిలో. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా పట్టుకుని బందరు నుంచి గుడివాడ వెళ్ళి ఓ బార్‌లో చేరాను. (మా అమ్మ చర్చిలో అందరికీ "మావాడు హోటల్లో పళ్ళరసాలు చూస్తాడండీ" అని చెప్పుకునేది. వినడానికి బావుంది కదా అని నేనూ దిద్దలేదు.) బార్ ఓనరును ఊరంతా మావయ్య అనేది కనుక నేనూ అలాగే పిలిచేవాణ్ణి. కాక్‌టెయిల్ కౌంటరు పెడదామని ఆయన వెంటపడ్డాను. వోడ్కాకు వాసనా రుచీ ఉండవు, మత్తు మాత్రం దండిగా ఉంటుంది, దానికి మన పళ్ళ రుచి తగిలిస్తే జనం ఎగబడతారని నా వాదన. చివరికి ఆయన విసిగిపోయి, శనివారం సాయంత్రం ఒక్కడైనా రెండో గ్లాసు అడిగితే కౌంటరు నాదేనని, లేదంటే నోరు మూసుకుని మళ్ళీ ట్రే పట్టుకుని బల్లల మధ్య తిరగాలని తేల్చేశారు.

దివిసీమ బస్సులో ముంజలు తెప్పించాను. దబ్బకాయలు ఏరి తెచ్చాను. బోర్డు కూడా స్వయంగా రాశాను: 'ఇచ్చట పళ్ళరసములతో మందు కలిపి ఇవ్వబడును.' అక్కడే కొంప మునిగింది. గుడివాడలో మందు కలపడమంటే ఒకటే అర్థం, కల్తీ. కళ్ళ ముందు సీలు తీస్తే తప్ప గ్లాసు ముట్టని మనుషులకు, మేం కలుపుతామని నేనే బోర్డు కట్టి చాటాను. వచ్చినవాళ్ళు అది చదవడం, నా వంక జాలిగా చూడడం, దూరం బల్లకు జరగడం. ఒకాయనైతే మావయ్యను పక్కకు పిలిచి, "కలిపితే కలిపారు, ఇలా రాసి పెట్టుకుంటారా అండీ?" అని మెల్లగా అడిగాడు.

ఏడుపొచ్చింది కానీ పంతం పోలేదు. బోర్డు పీకేసి, సీసా, ముంజలు, దబ్బకాయలు, షేకరు అన్నీ ట్రేలో సర్దుకుని, రోజూ వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారి బల్ల దగ్గరికే వెళ్ళాను. ఆయన ముందే సీలు తీశాను. ఆ చప్పుడు ఆయన చెవి ఒగ్గి విన్నారు. ఆయన ముందే వోడ్కా పోశాను (కౌంటరు మీద ఆశతో చెయ్యి కొంచెం ధారాళంగానే వంగింది), ముంజలు చిదిమాను, దబ్బకాయ పిండాను, షేకరు ఊపాను. మూత ఊడి కొంత ఆయన చొక్కా మీద పడింది. లెక్కల మనిషైనా దాన్ని లెక్కచెయ్యలేదు. తాపీగా గ్లాసు ఖాళీ చేసి మీసం తుడుచుకున్నారు.

"జ్యూస్ బావుంది బాబూ. ఇక మందు తీసుకురా."

కౌంటరు వెనక మావయ్య పడీ పడీ నవ్వుతున్నారు. అదే మందని చెప్పాను. మాస్టారు నమ్మలేదు. నీతో కాదులే, నేనే తెచ్చుకుంటానని లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. ఇంకోసారి లేవబోయారు. ఈసారి కుర్చీ చేతులు పట్టుకుని కాసేపు ఆలోచించి, ఖాళీ గ్లాసు నా వైపు జరిపారు.

"అయితే ఇంకోటి కలుపు."

ఆ ఊళ్ళో ఆ మాటను మంచి అర్థంలో వినడం నాకదే మొదలు. మావయ్యకు కనబడేలా షేకరు పైకెత్తి రెండో గ్లాసు కలిపాను.

ఇప్పుడు విశాఖలో ఓ పెద్ద హోటల్ బార్ అంతా నా చేతికింద ఉంది. కుర్రాళ్ళు షేకర్లు గాల్లోకి ఎగరేసి పట్టుకుంటుంటే ముచ్చటేస్తుంది. కానీ సెలవు రోజున నేనే కస్టమరుగా ఎక్కడైనా కూర్చుంటే, అదెంత గొప్ప చోటైనా సరే, నోటికి ముందుగా వచ్చే మాట "బాబూ, సీలు నా ముందు తియ్యి". మూత చప్పుడు కోసం నేనూ చెవి ఒగ్గుతున్నానని తెలిస్తే, మాస్టారు ఎంత నవ్వేవారో.