ఉతికిన గలీబు

చొక్కాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను కాజాలమ్మాయి అంటారు. పొద్దు పొడవకముందే ఇల్లు వదిలి, చీకటిపడేదాకా మిషను మీద కాజాలు కుడుతుంది. ఈలోగా నాలుగేళ్ళ కూతురికి తల దువ్వేది, ముద్దలు పెట్టేది, కథ చెప్పి పడుకోబెట్టేది తోడికోడలు. నిద్రొస్తే పిల్లకు ఆ పెద్దమ్మ పాత దిండు గలీబు ముక్కు దగ్గర ఉండాల్సిందే. అది చూసినప్పుడల్లా కన్నతల్లికి కడుపు రగిలిపోయేది.

పిల్లకు టాన్సిల్స్ తీయించాల్సి వచ్చింది. చిన్న ఆపరేషనే. మత్తు ఇచ్చేదాకా ఒక్కరే దగ్గరుండొచ్చన్నారు. "నేనుంటాను," అని ఎవరూ అడక్కముందే చెప్పేసింది. ముందురోజు ఆ గలీబును సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికింది.

"అది ఉతికితే దానికి నిద్ర పట్టదే," అంది తోడికోడలు.

"ఆసుపత్రికి మురికిగుడ్డ పట్టుకెళ్తామా అక్కా!"

మురికి సాకు. ఆమె పోగొట్టాలనుకున్నది వాసనని.

ఆపరేషన్ గది ముందు పిల్లకు ఆకుపచ్చ గౌను తొడిగారు. గలీబు చేతికిస్తే వాసన చూసి నేలకేసి కొట్టింది.

"ఇది నాది కాదు! పెద్దమ్మ కావాలి!"

"అమ్మనున్నాగా తల్లీ!"

"నువ్వు పనికెళ్ళిపో!"

నర్సు నవ్వాపుకుని, "ఇలా గుక్కపట్టి ఏడిస్తే మత్తివ్వడం కష్టమమ్మా. ఆ పెద్దమ్మ వచ్చారా?" అంది.

వచ్చింది. వరండా చివర బెంచీ మీద ఒదిగి కూర్చుని ఉంది. కాజాలమ్మాయి అక్కడిదాకా నడిచి వెళ్ళింది.

"వెళ్ళక్కా. నిన్నే అడుగుతోంది."

"నువ్వుంటానన్నావుగా?"

"దెప్పింది చాలు, ముందు వెళ్ళు!"

తలుపు మూసుకుంది. లోపల ఏడుపు ఆగిపోయింది. పిల్ల ఊరుకున్నందుకు ప్రాణం కుదుటపడింది. అంత తొందరగా ఊరుకున్నందుకు ఒళ్ళు మండింది.

కాసేపటికి తోడికోడలు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "హాయిగా నిద్రపోయిందే. కళ్ళు మూతలు పడుతుంటే 'అమ్మేదీ?' అంది. లేచేసరికి ఎదురుగా ఉంటుందని చెప్పాను."

నిజమో, తన కోసం అల్లిందో కాజాలమ్మాయి అడగలేదు. ఆమె స్థానంలో తానుంటే ఆ మాట నోట రాదని మాత్రం తెలిసిపోయింది. దానికీ కుళ్ళుకుంది. పిల్లను బయటికి తెచ్చేదాకా ఆ తలుపుకు ఎదురుగా, పక్కన ఇంకెవరికీ చోటు లేకుండా నిలబడింది.