కడపలో ఒక ఉడుకు దోసె

కడపలో నాకు తెలియని సందు లేదని ఆలూరు నుంచి వచ్చిన మా అక్కకు చెప్పాను. నిజానికి ఎప్పుడో ఒక పెండ్లికి వెళ్లి, బస్టాండూ విస్తరాకూ తప్ప ఏమీ చూడకుండా వచ్చినవాణ్ణి. నోరు జారింది, ప్రయాణం ఖాయమైంది.

కారణం దోసె. కర్నూలులో మా ఇంట్లో అక్క దోసెలు పోస్తోంది, నేను తింటున్నాను. "పెండ్లయినకాడ్నుంచి పోస్తాండా. పెనం మీంచి దిగింది దిగినట్టు ఒక్కటన్నా తినింది లేదబ్బీ. నా వంతు వచ్చేసరికి పొయ్యి కూడా సల్లారతాది" అంది నవ్వుతూ. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగాయి. "ఈ కాళ్లతో బస్సెక్కితే ఇంగొక్కసారే" అని కూడా అంది. ఆ ఒక్కసారీ కడప కారం దోసె వేడివేడిగా ఆమె నోట్లో పడాల్సిందేనని పంతం పట్టాను.

ఉదయం ఆరింటికి కర్నూలు బస్టాండు. జనం విరగబడి ఉన్నారు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాను. ఎక్కి చూస్తే ఆ సీట్లో ఎవరో పెద్దమనిషి.

"ఏమప్పా, నేను తువ్వాల ఏసినా. లెయ్."

"యాడుండాది నీ తువ్వాల? సూపీ."

సింహంలా పోట్లాడాను. కింద నుంచి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్క బస్సు చూపించింది. నా తువ్వాలు అందులో హాయిగా కూర్చుని ఉంది. కడప బస్సు అది. నేను పోట్లాడుతున్నది అనంతపురం బస్సులో. సింహం తలొంచుకుని దిగింది.

ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి కండక్టరు ఆధార్ కార్డు చూసి అక్కకు సున్నా టికెట్టు కొట్టాడు. నాకూ ఉత్తదేనా అని అడిగాను. "పెద్దోళ్ల రాయితీ ఇస్తా తాతా. ఉత్తదే కావాలంటే సీర కట్టుకోని రా" అన్నాడు. బస్సంతా నవ్వింది. కిటికీ పక్కన కూర్చోమంటే అక్క, "నువ్వు కూచ్చో, నాకు గాలి పడదు" అంది. కూర్చున్నాను. ఎనిమిదికి నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అక్క ముట్టలేదు. ఆకలంతా దోసెకు దాచుకుందట.

పన్నెండుకు కడపలో దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో దోసె అడిగితే, "ఈ పొద్దుకు దోసెలా? పొద్దున్నే అయిపోయినాయి. ఇప్పుడు బువ్వే" అన్నారు. మీరు వెళ్తే పొద్దున వెళ్లండి. నాకు తెలియలేదు.

అన్నం తిని లాడ్జిలో దిగాం. అక్క గదంతా చూసి మేనేజరును అడిగిన మొదటి మాట, "పొరక యాడుండాది నాయనా?" అతను బిత్తరపోయాడు. చీపురు అందకుండా అక్కను మంచం మీద కూర్చోబెట్టడానికి అరగంట పట్టింది.

సాయంత్రం "నాకు తెలిసిన హోటలు" చూపిస్తానని బయలుదేరాను. ఎటు తిరిగినా అదే బట్టల కొట్టు వస్తోంది. మూడోసారి కొట్టాయన, "ఏం తాతా, సీర కొనేదాకా తిరుగుతాండావా?" అన్నాడు. దారి తెలియదని అప్పుడు ఒప్పుకున్నాను. "నాకు తెల్సులే. దిగుతానే ఊరు ఎటుపక్క అని అడిగితివి కదా" అంది అక్క.

మరుసటి ఉదయం ఏడుకు ఆ కొట్టాయన చెప్పిన గుర్తులతో దోసెల హోటలు చేరాం. వాకిట్లోనే పెద్ద పెనం. ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి పోస్తుంటే వీధంతా ఘుమఘుమ. మొదటి దోసె అక్క ముందు పెట్టారు. ఆమె దాన్ని నా ముందుకు తోసింది. రెండోది వచ్చింది. ఎదురుగా కూర్చున్న మీసాలాయనకు తోసింది. "తిను నాయనా, పనికి పోవల్ల కదా."

"నాది వస్తాది పెద్దమ్మా" అన్నా వినలేదు.

నాకేమీ అర్థం కాలేదు. ఇంత దూరం వచ్చింది ఎవరి కోసం? కోప్పడాలో, తినాలో తెలియక తినడం మొదలుపెట్టాను. మూడోది వచ్చింది. అక్క బల్ల చుట్టూ చూసింది. అందరి ముందూ దోసెలే. తోయబోయిన ఆమె చేతులు ప్లేటు మీదే ఆగిపోయాయి.

"ఇది ఎవరికబ్బీ?"

"నీకేనక్కా."

"ఇంగెవురూ లేరా?"

"పెద్దమ్మా, ఈడ తినాల్సింది ఇంగ నువ్వే" అన్నాడు మీసాలాయన.

అక్క ముక్క తుంచింది. వేళ్లు చురుక్కుమన్నట్టున్నాయి, విదిలించింది. నేను గబగబా వంగి ప్లేటు మీద ఊదబోయాను.

"ఊదొద్దురా! ఉడుకు పోతాది!"

కళ్లలో నీళ్లు. కారానికేనంది. నాకు తెలియదు. ఆమె రెండోది చెప్పింది, అదీ తనకే.

పదిన్నరకు తిరుగు బస్సు. ఈసారి రెండుసార్లు బోర్డు చదివి తువ్వాలు విసిరాను. అక్క నాకంటే ముందు ఎక్కి, తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి, కిటికీ పక్కన కూర్చుంది.

"నీకు గాలి పడదు కదక్కా?"

"ఎవురు సెప్పినారు?"

మైదుకూరు దాటేదాకా ఆ మాటే ఆలోచించాను. ఎదురుగాలికి నెరిసిన జుట్టంతా ఎగురుతోంది. ఆమె పొలాలు చూస్తోంది. సీట్ల మధ్య నిలబడ్డవాళ్ల సంచులన్నీ నా మోకాలికే తగులుతున్నాయి. కడపలో చూడదగ్గవేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఊరు వెళ్లాక మాత్రం కిటికీ సీటు అక్కకు నేనే ఇచ్చానని అందరికీ చెబుతాను.

ఇవ్వలేదు. ఆమే తీసుకుంది.